మడమ నొప్పి, నల్లబడ్డ గోరు, తడి సాక్సులు: హాఫ్ మారథాన్‌కి ముందు పాదాల సంగతి

మీ ప్రశ్నలో చాలా విషయాలు కలిసిపోయాయి కాబట్టి, చదివే మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు నలభై మూడేళ్లు, షుగర్ సరిహద్దులో ఉంది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి, పేరిచ్చారు, ఇంకా పది వారాలుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఎడమ మడమ కింద మేకు దిగినట్టు నొప్పి, కాస్త నడిచాక తగ్గుతోంది. కుడి బొటనవేలి గోరు నల్లబడింది. వాన రోజు పరిగెత్తితే వేళ్ల పక్కన బొబ్బలు, సందుల్లో దురద. ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగింది, ఇంజక్షన్ వేయించుకోండి" అన్నారు. బూట్ల షాపులో పద్దెనిమిది వేల జత చూపించారు. ఏది ముందు చేయాలని అడిగారు.

రన్నర్ల కాళ్లు చూడటమే ఫిజియోథెరపిస్టుగా నా రోజువారీ పని. నా మాట ముందే చెప్పేస్తాను. ఇంజక్షన్ ఇప్పుడు వద్దు, ఆ బూట్లూ వద్దు. ముందు చూడాల్సింది మీ ఆదివారం పరుగు.

మీరే రాశారు: నెలంతా ఆదివారాలు 8 నుంచి 10 కిలోమీటర్లు పరిగెత్తారు, ఆ తర్వాత స్నేహితులతో కలిసి ఒకేసారి 16 లాగించారు. వారం తిరక్కుండా మడమ మొదలైంది. దీన్ని మీరు ప్రశ్న చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు చెప్పారు గానీ అసలు సంగతి అదే. 2025లో డెన్మార్క్ పరిశోధకులు 5,200 మంది రన్నర్ల వాచీల్లోని లెక్కలు తీసి చూశారు. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన దూరాన్ని పది శాతం మించి ఒకే పరుగులో దాటినవాళ్లకి గాయాలు స్పష్టంగా ఎక్కువ. రెట్టింపు దాటించినవాళ్లకి ప్రమాదం రెండింతల పైమాటే. వారం మొత్తం మీద కిలోమీటర్లు ఎంత పెరిగాయన్న లెక్కతో మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. అంటే మన రన్నింగ్ గ్రూపుల్లో అందరూ వల్లించే "వారానికి పది శాతం మించి పెంచొద్దు" అన్న సూత్రాన్ని వారానికి కాకుండా ఒక్కొక్క పరుగుకీ వాడుకోవాలన్నమాట. ఊపిరి, గుండె నాలుగైదు వారాల్లోనే అలవాటు పడతాయి. స్నాయువులకీ ఎముకలకీ నెలలు పడుతుంది. "ఆయాసం రాలేదు కదా, ఇంకో నాలుగు కిలోమీటర్లు పోదాం" అనిపించే చోటే కాళ్లు దెబ్బతింటాయి.

కాబట్టి మళ్లీ 10 దగ్గర మొదలుపెట్టండి. 11, 12 చేశాక ఒక వారం 9కి దిగి, తర్వాత 13, 14, 15 ఇలా ఎక్కండి. పోటీకి రెండు వారాల ముందు 16 లేదా 17 చేసి ఉంటే చాలు, 21 మొత్తం ముందే పరిగెత్తి చూడాల్సిన పని లేదు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న ఆ దారి ఫ్లైఓవర్లమయం. ఎక్కడం పిక్కల్ని, దిగడం కాలి గోళ్లనీ మోకాళ్లనీ తినేస్తుంది. అందుకే మధ్యవారం పరుగుల్లో ఒకటి ఎత్తుపల్లాలున్న దారిలో, నెమ్మదిగా, చిన్న అడుగులతో చేయండి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న రోడ్డు సరిపోతుంది.

ఇక మడమ. మీరు చెప్పిన లక్షణాలు ప్లాంటార్ ఫేషియా నొప్పికి అతికినట్టు సరిపోతాయి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి సాగి ఉంటుంది. అది ఎముకకి అతుక్కున్న చోట, మడమ కింద లోపలి వైపున, శక్తికి మించిన బరువు పడి చిరాకు పడింది. రాత్రంతా పాదం కిందికి వాలి పట్టీ బిగుసుకుంటుంది, పొద్దున ఒక్కసారిగా దాన్ని సాగదీస్తారు, అందుకే మొదటి అడుగులు నరకం.

ఎక్స్‌రేలో కనబడిన "పెరిగిన ఎముక" గురించి బెంగ పెట్టుకోకండి. నొప్పి ఏమాత్రం లేని వాళ్ల మడమల్లోనూ ఆ ముల్లు కనబడుతుంది. నొప్పి పూర్తిగా తగ్గిపోయాక తీసినా అది అక్కడే ఉంటుంది. మన దగ్గర మడమ నొప్పి అనగానే యూరిక్ యాసిడ్ పరీక్ష రాయడం కూడా ఆనవాయితీ అయిపోయింది. ఉదయం మొదటి అడుగు నొప్పికి దానితో సాధారణంగా సంబంధం ఉండదు. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, నిజమే. కానీ మడమ కింది కొవ్వు మెత్త పలచబడటం, ఒక్కోసారి పట్టీయే తెగడం వంటి ముప్పు ఉంది. పైగా నొప్పి తెలియక పరిగెత్తేస్తారు. పోటీకి ముందు వేయించుకోవడమైతే నాకు అసలు నచ్చని పని. నెలల తరబడి వ్యాయామం సరిగ్గా చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టరుతో మాట్లాడొచ్చు.

చేయాల్సిన వ్యాయామం ఒకటే, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలి. మెట్టు అంచున నిలబడండి. చేతి తువ్వాలు గట్టిగా చుట్టి వేళ్ల కింద పెట్టండి, వేళ్లు పైకి వంగి ఉండాలి. నొప్పి ఉన్న కాలి మీదే నిలబడి మూడు సెకన్లలో మడమ పైకెత్తండి, రెండు సెకన్లు ఆపండి, మూడు సెకన్లలో మెట్టు కన్నా కిందికి దించండి. గోడనో పిట్టగోడనో పట్టుకోవడం పడిపోకుండా ఉండటానికే, బరువు దాని మీద వేయకూడదు. పన్నెండు సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఒక్క కాలితో మొదట్లో రాకపోతే రెండు కాళ్లతో లేవండి. పన్నెండోది సులువుగా వచ్చేస్తోందంటే వీపున బ్యాగు తగిలించి అందులో పుస్తకాలో నీళ్ల సీసాలో వేయండి. రెండు వారాలకి పదేసి నాలుగు విడతలు, నెలకి ఎనిమిదేసి ఐదు విడతలు, ప్రతిసారీ బరువు పెంచుతూ. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు. పదిలో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మొదటి అడుగు ముందటి కన్నా ఎక్కువ నొప్పించకూడదు. చాలామంది పది రోజులు చేసి "లాభం లేదండీ" అని వదిలేస్తారు. దీనికి మూడు నెలలు పడుతుంది. మీ పోటీ నాటికి పూర్తిగా పోకపోవచ్చు, కానీ పరిగెత్తగలిగే స్థితికి వస్తుంది.

దీనికి తోడు, మంచం దిగకముందే కాలు రెండో తొడ మీద వేసుకుని, వేళ్లని చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోండి. ఇలా పదిసార్లు. అరికాల్లో పట్టీ తీగలా బిగుసుకోవడం రెండో చేతి బొటనవేలికి తెలియాలి, తెలియకపోతే సరిగ్గా లాగట్లేదని అర్థం.

ఇంకో సంగతి ఎవరూ అడగరు: ఇంట్లో నేల. మన ఇళ్లలో గ్రానైటు, మార్బుల్, టైల్స్ మీద రోజంతా వట్టికాళ్లతో తిరుగుతాం. ఉదయం పది కిలోమీటర్లు మెత్తటి బూట్లలో పరిగెత్తి, మిగతా రోజంతా మడమని రాయికేసి కొడుతుంటే అది ఎప్పుడు కోలుకుంటుంది? ఇంట్లోకి మాత్రమే వాడే మెత్తటి చెప్పులు ఒక జత కొనండి. పూజగదిలోకి విప్పి వెళ్లండి, వంటింట్లో మాత్రం వేసుకోండి. ఇంట్లో చెప్పులేంటని అమ్మ అడిగితే డాక్టరు చెప్పారనండి, ఆ మాటకి తిరుగుండదు.

అయితే మడమ నొప్పులన్నీ ఇవి కావు. మడమని రెండు పక్కల నుంచీ అరచేతులతో గట్టిగా నొక్కితే ప్రాణం పోతోందంటే ఎముకలో సన్నటి చీలిక అయి ఉండొచ్చు. రాత్రి మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉంటే నరం సంగతి. రెండు మడమలూ నొప్పి, పొద్దున నడుము కూడా అరగంట పైన బిగుసుకుపోవడం, ఇవి కలిసి ఉంటే రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టరుకి) చూపించాలి. వీటిలో ఏది ఉన్నా పైన చెప్పిన వ్యాయామం మొదలుపెట్టకండి.

గోరు దగ్గరికి వద్దాం, బూట్ల సంగతీ ఇక్కడే తేలుతుంది. మీ పాత బూటులోని ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి అట్ట) బయటికి లాగి వెలుతురులో పెట్టి చూడండి. వేళ్లు నొక్కిన చోట గుంటలు, నల్లటి మరకలు ఉంటాయి. బొటనవేలి ముద్రకీ ఇన్‌సోల్ అంచుకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మీది అంచుకి తాకుతూనో, అంచు దాటి బూటు గుడ్డకి చిన్న చిల్లు పెట్టో ఉంటుందని నా అనుమానం. పరిగెత్తేటప్పుడు పాదం వాచి పొడవు, వెడల్పు పెరుగుతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందుకి జారుతుంది. ప్రతి అడుక్కీ గోరు బూటు ముందు గోడకి కొట్టుకుని కింద నెత్తురు కమ్ముతుంది.

నొప్పి లేకపోతే ఆ గోరుని ఏమీ చేయకండి, పీకకండి. బొటనవేలి గోరు నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. కొత్తగా నల్లబడి, గుండె కొట్టుకున్నట్టు లాగుతూ నిద్ర పట్టకపోతే ఒకటి రెండు రోజుల్లోపే డాక్టరు దగ్గరికి వెళ్తే చిన్న రంధ్రం పెట్టి నెత్తురు తీసేస్తారు, నిమిషంలో హాయి. ఇంట్లో పిన్నీసు కాల్చి గుచ్చే వైద్యం మీకు, షుగర్ ఉన్నచోట, అస్సలు వద్దు. దెబ్బ ఏమీ లేకుండానే గోరు కింద నల్లటి గీత వచ్చి, గోరు పెరిగినా ముందుకి జరగకుండా వెడల్పవుతుంటే మాత్రం చర్మ వైద్యులకి చూపించండి. అరుదే గానీ అది క్యాన్సర్ కావచ్చు.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వాడే సాక్సులే వేసుకెళ్లండి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు, పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. ఆఫీసు బూట్ల కన్నా అర సైజు, ఒక్కోసారి ఒక సైజు పెద్దది పడుతుంది. షాపులో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి వీడియో తీసి "మీ పాదం లోపలికి వాలుతోంది, దీనికి ప్రత్యేకమైన బూటు కావాలి" అంటారు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి పాదం వంపుని బట్టి బూట్లు ఇచ్చి, మిగతావాళ్లకి అందరికీ ఒకే రకం ఇచ్చి పోల్చి చూశారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేసుకుని నాలుగు అడుగులు పరిగెత్తగానే ఏ జత హాయిగా ఉందో అదే మీది. నాలుగైదు వేల జతలోనూ అది దొరకొచ్చు. మీకు చూపించిన ఖరీదైన రకంలో అరికాలి కింద కార్బన్ పలక ఉందని రాశారు. అది వేగం కోసం చేసింది. అలాంటివి వేసుకున్న కొందరిలో పాదం మధ్యలోని నేవిక్యులర్ ఎముక చిట్లిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఇప్పటికే మడమ నొప్పితో ఉన్నవాళ్లు ప్రయోగం చేయాల్సిన వస్తువు కాదది.

లేసులు కట్టే తీరు కూడా మార్చండి. బూటు పైన చివర్లో, మిగతా వరసకి కాస్త పక్కగా, ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది, ఎవరూ వాడరు. కింది రంధ్రంలోంచి వచ్చిన లేసుని బయటి నుంచి దాంట్లోకి దూర్చి చిన్న ఉచ్చు వదలండి, రెండో పక్కా అలాగే. ఇప్పుడు కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమది కుడి ఉచ్చులోంచి తీసి, కిందికీ పక్కకీ లాగి ముడి వేయండి. మడమ కదలకుండా పట్టుకుంటుంది, ముందు భాగం వదులుగానే ఉంటుంది. దిగుడులో గోళ్లు సగం దీనితోనే బతుకుతాయి.

బొబ్బలకి కారణం ఒరిపిడి, దానికి తడి తోడవడం. తడి చర్మం సాక్సుకి అతుక్కుంటుంది, లోపల ఎముక కదులుతుంది, మధ్య పొరలు చిరుగుతాయి. మీరు వాడేవి కాటన్ సాక్సులన్నారు, వాటిని ఆఫీసుకి ఉంచుకోండి. కాటన్ నీళ్లు పీల్చి వదలదు. పాలియెస్టర్, నైలాన్ కలిసిన పలచటి సాక్సులు తీసుకోండి. వేళ్ల మధ్యే బొబ్బలొస్తుంటే ఒక్కో వేలికీ విడిగా తొడుగున్న సాక్సులు దొరుకుతాయి, చూడటానికి నవ్వొచ్చినా బాగా పనిచేస్తాయి. ఎప్పుడూ ఒకే చోట పొక్కుతుంటే అక్కడ, పొడి చర్మం మీద, మందుల షాపులో దొరికే మైక్రోపోర్ కాగితపు టేపు ముడతల్లేకుండా ఒక్క పొర అంటించండి. చవక, పని చేస్తుంది. వాజిలిన్ గంటసేపు బాగానే ఉంటుంది, రెండు గంటల పరుగులో కరిగిపోతుంది.

బొబ్బ చిన్నదైతే కప్పి వదిలేయండి. పెద్దదై నడవనీయకపోతే సబ్బుతో కడిగి, మందుల షాపులో కొన్న స్టెరైల్ సూదితో అంచున గుచ్చి నీరు తీసి, పై చర్మాన్ని అలాగే ఉంచి కట్టు కట్టాలి. ఇదీ షుగర్ అదుపులో ఉన్నవాళ్లకే. నెత్తురు నిండినదాన్ని, చుట్టూ ఎర్రబడినదాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు.

వానలో తడిసిన బూట్లని ఎండలో పెట్టడం, గీజరు పక్కన పెట్టడం వల్ల జిగురు ఊడుతుంది. ఇన్‌సోల్ తీసేసి, లోపల పాత పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద వదిలేయండి. వానాకాలంలో రెండు జతలు మార్చి మార్చి వాడటం విలాసం కాదు, ఆగస్టులో ఒక్క జత రాత్రికి రాత్రి ఆరదు.

సందుల్లో దురద, చర్మం తెల్లగా నాని ఊడటం ఫంగస్. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మందుల షాపుకి వెళ్లి "దురదకి క్రీము" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది స్టెరాయిడ్ కలిపిన మిశ్రమం. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ అన్న మాటలు కనబడితే వెనక్కి ఇచ్చేయండి. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, ఫంగస్ మాత్రం లోపల పాకి, ఇంక దేనికీ లొంగని దశకి వస్తుంది. మన దేశంలో ఇప్పుడు చర్మ వైద్యుల తలనొప్పుల్లో ఇదొకటి. క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీము రోజుకి రెండుసార్లు రాయండి, తగ్గినట్టు కనబడ్డాక కూడా రెండు వారాలు ఆపొద్దు. నాలుగు వారాలకీ లొంగకపోతే చర్మ వైద్యులే దిక్కు. స్నానం కాగానే సందులు ఆరేలా తుడవండి, కాళ్లు తుడిచే తువ్వాలు వేరే ఉంచండి. మీరు రాస్తున్న కొబ్బరినూనె మడమ పగుళ్లకి మంచిదే, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు.

షుగర్ సరిహద్దులోనే ఉందన్నారు కాబట్టి భయపెట్టను. కానీ పోటీకి ముందు ఒకసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలి మీద తాకి చూస్తారు, నొప్పి ఉండదు. స్పర్శ బాగానే ఉంటే మిగతా రన్నర్లలాగే మీరూ. స్పర్శ తగ్గిందంటే బూటులో రాయి ఉన్నా తెలియదు, అప్పుడు లెక్కలన్నీ మారిపోతాయి. ఎలాగైనా ప్రతి పరుగు తర్వాత అరికాళ్లు అద్దంలోనో ఫోను కెమెరాతోనో చూసుకోండి. ఆనెకాయలకి మందుల షాపుల్లో అమ్మే పట్టీల జోలికి పోకండి, వాటిలోని యాసిడ్‌కి మంచి చర్మం, ఆనె అన్న తేడా తెలియదు. "వట్టికాళ్లతో పరిగెత్తితే అన్నీ పోతాయట కదా" అన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా చెప్పుల్లేకుండానే మారథాన్ గెలిచాడు, నిజమే. ఆ కాళ్లు చిన్నప్పటి నుంచీ అలా తయారయ్యాయి. పది వారాల్లో మీ కాళ్లు అలా కావు, పైగా వానాకాలపు హైదరాబాద్ రోడ్ల మీద ఏముంటుందో మీకు నేను చెప్పాలా!

ఒక్క నొప్పి విషయంలో మాత్రం మొండికేయొద్దు. పాదం పైభాగంలో ఒకే చోట, వేలితో చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి ఉండి, పరిగెత్తేకొద్దీ పెరిగి, ఆగాక కూడా సలుపుతుంటే అది ఎముక చిట్లడం కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, "ఎక్స్‌రే బాగుంది" అని మళ్లీ పరిగెత్తేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. అలాంటప్పుడు పరుగు ఆపి, ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి, విటమిన్ డి కూడా చూపించుకోండి. మీతో పరిగెత్తే ఆడవాళ్లలో ఎవరికైనా నెలసరి ఆగిపోయి ఉండి ఇలాంటి నొప్పి వస్తే, తిండి సరిపోవట్లేదేమోనని డాక్టరు చూడాలి, అది కాలితో తేలే సంగతి కాదు. చీలమండ మడత పడితే, నాలుగు అడుగులు బరువు వేసి నడవలేకపోయినా, రెండు పక్కల ఉబ్బెత్తు ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా, ఎక్స్‌రే తీయించాల్సిందే. నడవగలిగి, వాపు మాత్రమే ఉంటే కట్టు కట్టుకుని వీలైనంత త్వరగా కదిలించడం మొదలుపెట్టండి.

పోటీ వారంలో కొత్తవి ఏవీ వాడకండి, సాక్సులతో సహా. పోటీకి ముందు రన్నర్లకి నంబర్లు పంచే ఎక్స్‌పోలో ఇచ్చే టీషర్టు కూడా ఆ రోజు వేసుకోకండి, చంకల్లో ఒరిసిపోతుంది. గోళ్లు నాలుగైదు రోజుల ముందే, స్నానం చేశాక, మూలలు తవ్వకుండా అడ్డంగా నేరుగా కత్తిరించండి. ముందురోజు రాత్రి కత్తిరిస్తే ఏదో ఒక మూల ఎక్కువ తెగుతుంది, తెల్లారి ఆరు కిలోమీటర్లకే అది గుర్తొస్తుంది.